ఎలక్ట్రిక్ సెడాన్ నుంచి పెద్ద ఫ్యామిలీ ఈవీకి మారేటప్పుడు ఏ పని ముందు, ఏ పని తర్వాత

"టిగోర్ ఈవీ ఉంది, కారుతో ఏ ఇబ్బందీ లేదు, కానీ ఇంట్లో మనుషులు పెరిగారు, పెద్దది తీసుకుందామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మేం కూడా టాటా టిగోర్ ఈవీ సెడాన్ నుంచే ఏడు సీట్ల కియా క్యారెన్స్ క్లావిస్ ఈవీకి మారాం. మారేటప్పుడు కొన్ని పనులు వరుస తప్పి చేశాం, దానివల్ల డబ్బూ పోయింది, రెండు వారాల నిద్రా పోయింది. అందుకే ఇక్కడ వరుస గురించే ఎక్కువగా రాస్తున్నాను.

వరుస ఇది: ముందు మనుషులూ సామానూ, తర్వాత పార్కింగ్, తర్వాత ప్లగ్, తర్వాత పాత కారు ధర, అన్నిటి తర్వాత కొత్త కారు బుకింగ్. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. షోరూమ్‌లో స్క్రీన్ చూసి అడ్వాన్స్ ఇచ్చేసి, ప్లగ్ గురించి డెలివరీ వారంలో ఆలోచిస్తారు.

1. ఇరుకు ఎక్కడుందో ముందు తేల్చుకోండి

"కారు ఇరుకవుతోంది" అనే మాటలో మూడు వేర్వేరు సమస్యలుంటాయి. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే భుజాలు రాసుకోవడం ఒకటి. డిక్కీలో సామాను పట్టకపోవడం రెండోది. ఆరో మనిషికి సీటే లేకపోవడం మూడోది. మూడింటికీ మందు ఒకటి కాదు.

టిగోర్ ఈవీ డిక్కీ 316 లీటర్లు. ఏడు సీట్ల క్లావిస్ ఈవీలో మూడో వరుస నిలబెట్టి ఉంచితే వెనక మిగిలేది 216 లీటర్లే. అంటే "పెద్ద కారు" కొన్న తర్వాత, ఏడుగురు కూర్చున్న రోజు మీ సామానుకు దొరికే చోటు పాత కారుకంటే తక్కువ. ఇది డెలివరీ అయ్యాక తెలిసిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

గడిచిన ఏడాదిని కాగితం మీద పెట్టండి:

- ఐదుగురికి మించి ఎన్నిసార్లు ప్రయాణం చేశారు? ఆ రోజుల్లో సామాను ఉందా, లేక ఊళ్లోనే పెళ్లికో గుడికో వెళ్లారా?
- నలుగురు లేదా ఐదుగురు సామానుతో ఎన్నిసార్లు ఊరెళ్లారు?
- అమ్మానాన్నలు కారెక్కేటప్పుడు, దిగేటప్పుడు మోకాళ్ల దగ్గర ఇబ్బంది పడుతున్నారా?
- పిల్లలకు చైల్డ్ సీటు ఉందా? ఇంకా ఎన్నేళ్లు ఉంటుంది?

ఆరుగురు సామానుతో వెళ్లిన ప్రయాణాలు ఏడాదికి రెండే అయితే ఆ రెండుసార్లకీ ఇన్నోవా అద్దెకు తీసుకోవడం చౌక. మీకు కావలసింది పెద్ద డిక్కీ ఉన్న ఐదు సీట్ల కారు. ఊళ్లోనే తరచూ ఆరేడుగురు కలిసి తిరిగితేనే మూడో వరుసకు పెట్టిన డబ్బుకు అర్థం ఉంటుంది.

2. మన దగ్గర దొరికేవి

యూరప్‌లో లాగా సెడాన్ నే వెనక్కి సాగదీసి పొడవాటి డిక్కీ పెట్టిన ఎలక్ట్రిక్ వ్యాగన్లు మన బడ్జెట్‌లో ఇక్కడ లేవు. ఆ పని చేసేవి ఇవి.

ఎంజీ విండ్సర్: ఐదు సీట్లు, 38 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ ఉన్న మోడల్‌లో 604 లీటర్ల డిక్కీ. మనుషులు ఐదుగురే, సామాను ఎక్కువ అనుకునేవాళ్లకు వ్యాగన్‌కి దగ్గరగా ఉండేది ఇదే. 52.9 యూనిట్ల ప్రో కూడా ఉంది, అందులో డిక్కీ 579 లీటర్లు.

కియా క్యారెన్స్ క్లావిస్ ఈవీ: ఏడు సీట్లు, 42 లేదా 51.4 యూనిట్ల బ్యాటరీ. 2025 జులైలో వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ ధర 17.99 లక్షల నుంచి 24.49 లక్షల దాకా.

బీవైడీ ఈమ్యాక్స్ 7: ఆరు లేదా ఏడు సీట్లు, 55.4 లేదా 71.8 యూనిట్లు. 2024 అక్టోబరులో 26.90 లక్షలతో మొదలైంది. మూడో వరుస మడిస్తే డిక్కీ 580 లీటర్లు, నిలబెడితే 180.

మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఎస్: ఏడు సీట్లు, 59, 70, 79 యూనిట్ల బ్యాటరీలు. 2025 నవంబరులో 19.95 లక్షల నుంచి. పెద్ద బండి కాబట్టి సందుల్లో నడిపేవాళ్లు ముందు నాలుగో అంచె చదవండి.

ధరలు మారుతుంటాయి, ఇవి విడుదలనాటివి.

3. షోరూమ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లండి, సామానుతో సహా

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లి స్టీరింగ్ పట్టుకుని వచ్చేస్తే సీట్ల గురించి ఏమీ తెలియదు. మీ టిగోర్‌లోనే అమ్మను, నాన్నను, పిల్లల్ని ఎక్కించుకుని, డిక్కీలో రెండు సూట్‌కేసులు, ఊరి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తా, పిల్లల స్ట్రోలర్ పెట్టుకుని వెళ్లండి. సేల్స్‌మ్యాన్ ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు, మీరు పెడుతున్నది ఇరవై లక్షలు.

అక్కడ చేయాల్సినవి ఇదే వరుసలో:

- ముందు డ్రైవర్ తన ఎత్తుకు సీటు సర్దుకోవాలి. ఆ సీటు వెనక రెండో వరుసలో ఇంట్లో పొడుగాయన కూర్చోవాలి. ఆయన వెనక మూడో వరుసలో ఇంకొకరు కూర్చోవాలి. ముగ్గురూ ఒకే వైపు, ఒకరి వెనక ఒకరు. విడివిడిగా కూర్చుని చూస్తే చోటు ఎప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది.
- మూడో వరుసలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. ఈవీల్లో బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి నేల కాస్త ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద సీటు ఆనదు. రెండు నిమిషాల్లో ఈ సంగతి తెలియదు.
- అమ్మ చేత మూడుసార్లు ఎక్కించి దింపించండి. టిగోర్‌లో ఆమె కిందికి కూర్చోవాల్సి వస్తుంది, కొత్తదాంట్లో పైకి ఎక్కాల్సి వస్తుంది. కొందరికి ఇది హాయి, కొందరికి ఇబ్బంది.
- చైల్డ్ సీటు బిగించి, ఆ తర్వాత మూడో వరుసలోకి వెళ్లే దారి ఉందో లేదో చూడండి. చైల్డ్ సీటు ఉన్న వైపు రెండో వరుస సీటు మడవడం కుదరదు. రెండు వైపులా చైల్డ్ సీట్లు ఉన్న ఇంట్లో మూడో వరుస దాదాపు మూతపడినట్టే. ఆరు సీట్ల మోడల్‌లో మధ్య సందులోంచి వెళ్లొచ్చు.
- మూడో వరుస ఏసీని మధ్యాహ్నం ఎండలో చూడండి. సాయంత్రం అన్ని కార్లూ చల్లగానే ఉంటాయి.
- స్టెప్నీ ఉందా, ఉంటే ఎక్కడ? చాలా ఈవీల్లో పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. రాత్రిపూట ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

చివర్లో, మూడో వరుస నిలబెట్టి ఉన్నప్పుడు మీ సామాను పెట్టించి ఫోటో తీసుకోండి. మడిచి ఇంకో ఫోటో. వారం తర్వాత ఏ కారు కొనాలని ఇంట్లో చర్చ జరిగినప్పుడు ఆ రెండు ఫోటోలే ఎక్కువ పనికొస్తాయి.

4. పార్కింగ్‌లో ముగ్గు గీయండి

టిగోర్ పొడవు 3993 మిల్లీమీటర్లు, వెడల్పు 1677. క్లావిస్ ఈవీ 4550, 1800. ఈమ్యాక్స్ 7 అయితే 4710, 1810. విండ్సర్ పొడవు 4295 మాత్రమే కానీ వెడల్పు 1850. టిగోర్ నుంచి క్లావిస్‌కి మారితే పొడవులో దాదాపు 56 సెంటీమీటర్లు, వెడల్పులో 12 సెంటీమీటర్లు పెరుగుతుంది.

సుద్దముక్కతోనో ముగ్గుపిండితోనో మీ స్లాట్‌లో కొత్త కారు కొలతల పెట్టె గీయండి. రెండు వైపులా అద్దాలకు ఇంకాస్త కలపండి. ఇప్పుడు నాలుగు చూడండి:

- డ్రైవర్ తలుపు తెరిచి మనిషి దిగేంత చోటు ఉందా? పక్కవాళ్ల కారు కూడా ఉన్నప్పుడు చూడాలి.
- డిక్కీ తలుపు పైకి లేస్తే గోడకో పైపుకో తగులుతుందా? సెడాన్ డిక్కీకి ఈ సమస్య రాదు, పెద్ద కారు వెనక తలుపు మొత్తం వెనక్కీ పైకీ లేస్తుంది.
- సెల్లార్ ర్యాంపు మలుపులో స్తంభం దగ్గర ఒకేసారి తిరుగుతుందా? వీలైతే టెస్ట్ డ్రైవ్ కారును మీ సెల్లార్‌లోకే తెప్పించండి.
- చార్జింగ్ పోర్టు ముందుందా, పక్కనుందా? మీ ప్లగ్ నుంచి కేబుల్ అక్కడిదాకా వస్తుందా?

మెషిన్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్ అయితే ఎత్తు, బరువు పరిమితి బోర్డు మీద రాసి ఉంటుంది. ఈవీ బరువెక్కువ, కాబట్టి బరువు అంకె తప్పకుండా చూడండి.

5. ప్లగ్ పని: అందరూ చివరికి నెట్టేసేది

మా ఇంట్లో జరిగింది ఇక్కడే. పాత కారు అమ్మేశాం, కొత్తది వచ్చేసింది, సెల్లార్‌లో కొత్త లైను పని మాత్రం అసోసియేషన్ మీటింగ్ కోసం ఆగిపోయింది. పద్దెనిమిది రోజులు బయట చార్జర్ల చుట్టూ తిరిగాను. పాత 15 యాంపుల ప్లగ్‌నే ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చని, అసలు నా వాడకానికి అదే సరిపోయేదని లెక్క వేశాక తెలిసింది.

ఆ లెక్క మీరు ముందే వేయండి. 15 యాంపుల ప్లగ్ మీద గంటకు సుమారు 3 యూనిట్లు కారులోకి వెళ్తాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 23, 24 యూనిట్లు. టిగోర్ బ్యాటరీ 26 యూనిట్లే కాబట్టి ఒక రాత్రిలో దాదాపు నిండిపోయేది. 51.4 యూనిట్ల కారులో అదే రాత్రికి సగం కూడా నిండదు.

ఇక్కడే చాలామంది కంగారుపడి పెద్ద లైను వేయిస్తారు. ఆగండి. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే ఖర్చయ్యేది 7, 8 యూనిట్లు. అది మూడు గంటల పని. ఆదివారం రాత్రి ఊరి నుంచి 15 శాతంతో వచ్చినా సోమవారం ఉదయానికి 60 శాతం ఉంటుంది. రోజూ నిండాలనే అలవాటు చిన్న బ్యాటరీ నేర్పింది, పెద్ద బ్యాటరీకి ఆ అవసరం లేదు.

7.2 కిలోవాట్ల చార్జర్ ఎవరికి కావాలి? రోజుకు 120 కిలోమీటర్లు పైన తిరిగేవాళ్లకు, ఇంట్లో రెండు ఈవీలు ఉన్నవాళ్లకు, ఊరి నుంచి రాగానే మర్నాడే మళ్లీ ఊరెళ్లే పని ఉన్నవాళ్లకు. 11 కిలోవాట్లది కావాలంటే త్రీ ఫేజ్ ఉండాలి.

పెద్ద లైను వేయించాల్సిందే అని తేలితే:

1. కరెంటు బిల్లులో మీ కాంట్రాక్టెడ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) ఎంతో చూడండి. చాలా ఇళ్లకు అది రెండు మూడు కిలోవాట్లే ఉంటుంది. పెంచడానికి కరెంటు పంపిణీ సంస్థ అయిన డిస్కమ్‌కి దరఖాస్తు పెట్టాలి, డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టాలి. త్రీ ఫేజ్‌కి మారాల్సి వస్తుందేమో అప్పుడే అడగండి. ఈవీ చార్జింగ్‌కి వేరే కేటగిరీలో విడిగా మీటరు కూడా తీసుకోవచ్చు, మీ వాడకానికి ఏది చౌకో రెండు రేట్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

2. అసోసియేషన్‌కి రాతపూర్వకంగా ఉత్తరం ఇవ్వండి. ఇంటి కనెక్షన్ మీదే ఈవీ చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది, ఆ మాట ఉత్తరంలో రాయండి. కేబుల్ ఏ దారిలో వెళ్తుందో బొమ్మ గీసి జత చేయండి. నోటిమాటగా అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో భయం చెబుతారు, బొమ్మ చూస్తే సగం భయాలు పోతాయి.

3. మీటర్ రూమ్ నుంచి మీ స్లాట్ దాకా టేపు పెట్టి కొలవండి. 32 యాంపులు ఏడు గంటలు ఆగకుండా పారే లైను ఇది, గీజరు లైనులాంటిది కాదు. 6 స్క్వేర్ ఎంఎం రాగి తీగ వేయించండి, దూరం 25, 30 మీటర్లు దాటితే 10 స్క్వేర్. "4 స్క్వేర్ చాలు సార్" అంటే ఒప్పుకోవద్దు.

4. చార్జర్‌కి విడిగా 40 యాంపుల ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే ఆపేసే స్విచ్), కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్తింగ్ విడిగా ఉంటే మంచిది. పని అయ్యాక న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ మీ ఎదురుగానే కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే చార్జర్ మధ్యలో ఆగిపోయే అవకాశం ఎక్కువ.

5. చార్జర్ బాక్సును నేలకు ఎత్తుగా బిగించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సెల్లార్లలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పాత ప్లగ్ ఉంచుకున్నా ఒక పని చేయండి. మూడేళ్లు వాడిన 15 యాంపుల సాకెట్ లోపల రంగు మారి ఉండొచ్చు. కొత్త కారు దాని మీద మరిన్ని గంటలు ఉంటుంది కాబట్టి సాకెట్ మార్పించేయండి. కొద్ది వందల పని.

6. హైవే లెక్క మళ్లీ మొదటినుంచి వేసుకోండి

క్లావిస్ ఈవీ 51.4 యూనిట్ల మోడల్‌కి కంపెనీ చెప్పే రేంజ్ 490 కిలోమీటర్లు. నేను హైవే మీద 330, 340 అనే లెక్క పెట్టుకుంటాను. కిలోమీటరుకు 150 వాట్ అవర్లు అనుకుంటే 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు. ఆరుగురు, ఏసీ, పైన క్యారియర్ ఉంటే 17 అనుకోండి.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. టిగోర్‌లో సూర్యాపేట దగ్గర గంటసేపు ఆగేవాళ్లం. క్లావిస్‌లో 100 శాతంతో బయల్దేరి గంటకు 90, 95 వేగంతో వెళ్తే ఇరవై శాతానికి అటూ ఇటూగా చేరతాం. నిండా మనుషులుంటే ఆ ధైర్యం చేయను, సూర్యాపేటలో టీ తాగే పావుగంట పెట్టేస్తాను.

తిరుపతి వేరే సంగతి. కర్నూలు, కడప మీదుగా సుమారు 560 కిలోమీటర్లు, అంటే 15కీ 17కీ మధ్యలో 16 లెక్కన 90 యూనిట్లు. ఇంటి నుంచి 51 తీసుకెళ్తాం, దారిలో ఇంకో 39 కావాలి, చేరేసరికి కాస్త మిగలాలి కాబట్టి 48 ఎక్కించుకోవాలి. కర్నూల్లో సగం, కడపలో సగం. ఇక్కడ గమనించాల్సింది గన్ (చార్జింగ్ స్టేషన్లో కారుకు తగిలించేది) సామర్థ్యం. టిగోర్ ఎక్కడ పెట్టినా 25 కిలోవాట్ల చుట్టూనే తీసుకునేది కాబట్టి 30 కిలోవాట్ల గన్ అయినా 120 అయినా మనకు ఒకటే. కొత్త కారు 100 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది, 10 నుంచి 80 శాతానికి 39 నిమిషాలని కంపెనీ చెబుతుంది. అదే కారును పాత అలవాటు ప్రకారం 30 కిలోవాట్ల గన్‌కి పెడితే గంటంబావు. బ్యాటరీ పెద్దది, గొట్టం సన్నం.

కాబట్టి పాత యాప్‌లో సేవ్ చేసుకున్న చార్జర్ల జాబితాను పక్కన పెట్టి, 60 కిలోవాట్లు ఆపైన ఉన్నవి మాత్రమే కొత్తగా ఎంచుకోండి. రెండు గన్‌లున్న 60 కిలోవాట్ల మెషిన్‌లో ఇంకో కారు పెడితే ఇద్దరికీ చెరి ముప్పై వచ్చేవి ఎక్కువ, అదీ చూసుకోండి. టాటా పవర్, స్టాటిక్, జియో బీపీ, చార్జ్‌జోన్ యాప్‌లలో మూడైనా ఫోన్లో ఉంచి, ఒక్కోదాంట్లో కొద్దిగా డబ్బు వేసి ఉంచండి. ప్రతి ఆగే చోటికీ ముప్పై కిలోమీటర్ల ముందు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి.

తిరుమల ఘాట్ ఎక్కడానికి 6, 7 యూనిట్లు విడిగా పక్కన పెట్టాలి. దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది.

7. పాత కారు ధర పలికించడం

పాత ఈవీ కొనేవాడి భయమంతా బ్యాటరీ గురించే. ఆ భయానికి కాగితం మీద జవాబు ఉంటేనే ధర నిలబడుతుంది.

- సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ అడిగి తీసుకోండి. దానికి ముందు ఒకసారి 20 శాతం లోపు దించి, నెమ్మది చార్జింగ్‌లో 100 దాకా పెట్టండి, అప్పుడు అంకెలు సరిగ్గా వస్తాయి.
- రిపోర్ట్ ఇవ్వకపోతే మీరే కొలవండి. 20 నుంచి 100 శాతానికి మీటరు మీద ఎన్ని యూనిట్లు పడ్డాయో రాయండి. టిగోర్‌కి కొత్తలో నష్టాలతో కలిపి 23 చుట్టూ పడాలి. 21 పడితే బ్యాటరీ పది శాతం దాకా తగ్గి ఉండొచ్చని ఒక అంచనా.
- టిగోర్ ఈవీ బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. ఇంకా ఎన్నేళ్లు మిగిలిందో ప్రకటన మొదటి లైనులోనే రాయండి.
- సర్వీస్ బిల్లులన్నీ వరుసగా పెట్టండి. కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జర్ కొనేవాళ్లకు ఇవ్వాలి, అది లేకపోతే ధర పడిపోతుంది.

షోరూమ్ ఎక్స్చేంజ్, ఆన్‌లైన్ కంపెనీలు, నేరుగా ఇంకో మనిషికి అమ్మడం, మూడు చోట్లా ఒకే వారంలో ధర అడగండి. పాత ఈవీల వ్యాపారం చేసేవాళ్లు తమ మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, అది మీకిచ్చే ధరలోంచే తగ్గుతుంది. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి జీఎస్టీ లేదు. ఎక్స్చేంజ్ బోనస్ ఎంతో, అది లేకుండా నగదు డిస్కౌంట్ ఎంతో విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. రెండూ కలిపి ఒకే అంకె చెబితే పాత కారుకు ఎంత ఇస్తున్నారో మనకు తెలియదు.

8. బుకింగ్ ముందు డబ్బు సంగతులు

ఇవి క్లుప్తంగా చెబుతాను.

తెలంగాణలో ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఉంది. లెక్క బుకింగ్ తేదీ మీద కాదు, రిజిస్ట్రేషన్ మీద, కాబట్టి వెయిటింగ్ ఎక్కువున్న మోడల్ అయితే తేదీ చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే ఆ రోజుకున్న లైఫ్ ట్యాక్స్ ఆన్‌రోడ్ కొటేషన్‌లో విడిగా చూపించమనండి.

పది లక్షలు దాటిన కారు మీద డీలర్ ఒక శాతం టీసీఎస్, అంటే ముందస్తు ఆదాయపు పన్ను, వసూలు చేస్తాడు. ఇరవై లక్షల కారుకు ఇరవై వేలు. అది ఖర్చు కాదు, ఐటీ రిటర్న్‌లో తిరిగి వస్తుంది. డీలర్‌కి ఇచ్చే పాన్, రిటర్న్ వేసే పాన్ ఒకటే అయ్యేలా చూడండి.

ఈవీ లోన్ వడ్డీ మీద ఆదాయపు పన్నులో ఇచ్చే 80ఈఈబీ మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. పాత కారుకు మీరు వాడుకుని ఉండొచ్చు, కొత్తదానికి రాదు. ఈఎంఐ లెక్కలోంచి తీసేయండి.

విండ్సర్‌లాంటి కార్లకు బ్యాటరీ అద్దె పద్ధతి ఉంది, మొదట్లో కిలోమీటరుకు 3.50 రూపాయలని ప్రకటించారు. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగితే 5250 రూపాయలు, కరెంటు దీనికి అదనం. తక్కువ తిరిగేవాళ్లు నెలకు కనీస కిలోమీటర్ల షరతు ఎంతో అడిగాకే ఒప్పుకోండి.

9. డెలివరీ తీసుకునే ముందు రోజు

రిజిస్ట్రేషన్‌కి పంపకముందే పగటి వెలుతురులో వెళ్లి చూడండి. రిజిస్టర్ అయ్యాక కారు మార్చమంటే ఎవరూ మార్చరు.

- ఛాసిస్ నంబరు, తయారైన నెల, ఇన్వాయిస్‌తో సరిపోవాలి.
- టైరు మీద నాలుగంకెల తేదీ, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఐదూ చూడండి, స్టెప్నీ ఉంటే.
- ఏసీ చార్జర్ (ఇంట్లో వాడే నెమ్మది చార్జర్), వీలైతే డీసీ చార్జర్ (వేగంగా ఎక్కించేది) కూడా అక్కడే పెట్టించి పది నిమిషాలు చార్జ్ అవ్వడం కళ్లారా చూడండి.
- మూడు వరుసల సీట్లూ మడిచి, లేపి, వెనక్కి వాల్చి చూడండి. ప్రతి బెల్టూ లాగి చూడండి, మూడో వరుసవి ముఖ్యంగా.
- మూడో వరుస ఏసీ, చార్జింగ్ పాయింట్లు, వెనక తలుపు సెన్సర్.
- చార్జర్ బాక్స్, రెండు తాళాలు, టోయింగ్ హుక్, పంక్చర్ కిట్ లెక్కపెట్టుకోండి.

10. పాత కారు అప్పగింత, కాగితాలు

కొత్త కారు ఇంట్లో ఒకసారి చార్జ్ అయ్యాకే పాతది అప్పగించండి. ఎక్స్చేంజ్‌లో ఇస్తున్నా వారం గడువు అడగండి, చాలా చోట్ల ఇస్తారు.

ఇన్సూరెన్స్ దగ్గర ఎక్కువమంది నష్టపోతారు. క్లెయిమ్ లేకుండా గడిపిన ఏళ్లకు వచ్చిన నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) కారుది కాదు, మీది. ఐదేళ్లకు అది 50 శాతం దాకా వెళ్తుంది, కొత్త కారు ఓన్ డ్యామేజ్ (మన కారుకు జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం మీద తగ్గుతుంది. పాత కారు అమ్మిన కాగితాలు చూపించి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు వాడుకోవచ్చు. పాతది ఇంకా మీ దగ్గరే ఉంటే దాని పాలసీ మీద బోనస్ తేడా కట్టేసి కొత్తదానికి మార్చమని కంపెనీని అడగండి. డీలర్ ఇచ్చే కొటేషన్‌లో ఎన్‌సీబీ సున్నా అని ఉంటే సంతకం పెట్టొద్దు. నీళ్లు చేరితే బ్యాటరీకి కవర్ ఉందా, చార్జర్‌కి కవర్ ఉందా అనేది అదే రోజు రాయించుకోండి.

మిగిలినవి:

- లోన్ ఉంటే మూసేసి, బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 ఇచ్చి ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బ్యాంకు లోన్ ఉందన్న నమోదు) తీయించండి. ఎన్‌ఓసీకి గడువు ఉంటుంది, బీరువాలో పెట్టి మర్చిపోవద్దు.
- పేరు మార్పుకు ఫారం 29, 30. కొనేవారు వేరే రాష్ట్రం వాళ్లయితే ఫారం 28 కూడా. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇవ్వకండి, కొన్నవారి పేరు, తేదీ, సమయం రాశాకే చేయండి.
- వ్యాపారికి అమ్మితే, కారు అప్పగించినట్టు ఫారం 29సీ రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లో నమోదైందో లేదో అడిగి కాపీ తీసుకోండి.
- ఫాస్టాగ్ మూసేయండి. ఒక కారుకు ఒకటే, పాతది పీకి కొత్త అద్దానికి అతికించడం కుదరదు.
- కనెక్టెడ్ కార్ యాప్‌లో కారును తొలగించండి, స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మీ ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు అందులోనే ఉంటాయి.
- చార్జింగ్ యాప్‌లలో పాత కారు నంబరు మార్చండి. కొన్ని చోట్ల కారు పెట్టగానే దానంతటదే చార్జింగ్ మొదలయ్యే సదుపాయం మీరు పెట్టుకుని ఉంటే, కొత్త యజమాని చార్జింగ్ డబ్బు మీ వాలెట్‌లోంచి పోతుంది.
- ఆర్‌సీ మీద పేరు మారేదాకా పది రోజులకోసారి పరివాహన్‌లో చూడండి. మారేదాకా చలాన్లు మీ పేరు మీదే.

11. మొదటి నెలలో సర్దుకోవాల్సినవి

మొదటి వారం బ్రేకింగ్ అలవాటు మారుతుంది. బరువెక్కువ కాబట్టి రీజెన్ (యాక్సిలరేటర్ వదలగానే కారు నెమ్మదించి బ్యాటరీకి కరెంటు తిరిగి ఇవ్వడం) తక్కువ లెవెల్‌తో మొదలుపెట్టండి, లేకపోతే మూడో వరుసలో కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. పిల్లలు వెనక కూర్చుని వాంతి చేసుకుంటున్నారని చెప్పేవాళ్లలో చాలామంది రీజెన్ గరిష్ఠంలో పెట్టి నడిపేవాళ్లే.

టైర్లలో గాలి మామూలు రోజుకు ఎంత, నిండా మనుషులున్న రోజుకు ఎంత అనేది డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద రెండు అంకెలుగా ఉంటుంది. ఊరెళ్లే ముందు రాత్రి రెండో అంకెకు మార్చి, వచ్చాక తగ్గించండి.

మూడో వరుసను రోజూ మడిచే ఉంచండి. కానీ మడిచిన చోట చార్జర్ సంచి, గొడుగులు, నీళ్ల క్యాన్ పేరుకుపోతాయి, ఆరుగురు ఎక్కాల్సిన రోజు అవన్నీ గుమ్మం ముందు పడతాయి. చార్జర్‌ పెట్టుకోవడానికి ముందువైపు బానెట్ కింద ఉన్న చిన్న పెట్టె వాడండి, క్లావిస్‌లో అది 25 లీటర్లు.

నెలాఖరుకు ఒకసారి తెలిసిన దారిలో, నిండా మనుషులతో, 150 కిలోమీటర్ల లోపు ఊరు వెళ్లి రండి. 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు పోయాయో రాసుకోండి. తిరుపతి దాకా ఎన్నిచోట్ల ఆగాలో నా అంకెతో కాకుండా ఆ అంకెతో లెక్కేసుకోండి.